మంట మీది నుంచి ఎప్పుడు దించాలి: కాపుచినో గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు,

అత్తయ్య దీవించి రాసేది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కాఫీ చేదెక్కి మాడు వాసన వస్తోందనీ, పాల మీద నురగ నిమిషం కూడా నిలవడం లేదనీ రాశావు. పొయ్యి మీద పెట్టి కాఫీ కాచే ఈ మోకా పాత్రలో ఏదో లోపం ఉన్నట్టుంది, కొట్టువాడికి తిరిగి ఇచ్చేయనా అని అడిగావు. ఇవ్వకు, పాత్ర బాగానే ఉంది. నీ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే, మంట.

మన ఇళ్లలో పాలు పొంగేదాకా కాయాలి, కాఫీ పొగలు కక్కుతూ గ్లాసులోకి రావాలి. ఫిల్టర్ కాఫీకి ఆ పద్ధతే సరైనది. చిక్కటి కాఫీ మీద నురగ పాలు పోసే కాపుచినోకు మాత్రం కాఫీ మరగకూడదు, పాలూ మరగకూడదు. రెండింటినీ మనం అలవాటుగా దించే సమయం కంటే బాగా ముందే దించాలి. ఆ సమయం ఎలా గుర్తుపట్టాలో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఓపికగా చదువు.

ముందు ఈ పాత్ర నుంచి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో తెలుసుకో. 1933లో ఉత్తర ఇటలీలోని క్రుసినాల్లో అనే ఊళ్లో, అల్ఫోన్సో బియలెట్టి అనే అల్యూమినియం పనివాడు దీన్ని తయారు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆయన కొడుకు రెనాతో దీన్ని ఇంటింటికీ చేర్చాడు. 2016లో రెనాతో చనిపోతే ఆయన చితాభస్మాన్ని మోకా పాత్ర ఆకారంలో ఉన్న కలశంలోనే ఉంచారు. ఆ దేశంలో ఈ పాత్రకున్న స్థానం అలాంటిది. మేము తూరిన్‌లో ఉన్న రోజుల్లో నేను అడుగుపెట్టిన ప్రతి వంటింట్లోనూ ఇది కనిపించేది. అయితే ఆ ఇళ్లలో దీనితో చేసుకునేది ఎక్కువగా కాఫెలాత్తే, అంటే మోకా కాఫీలో వేడి పాలు కలిపినది. కాపుచినో తాగాలనిపిస్తే పొద్దున్నే వీధిలోని కాఫీ కొట్టుకు వెళ్లేవారు.

అందుకు కారణం ఉంది. కేఫుల్లోని ఎస్ప్రెసో యంత్రం నీళ్లను దాదాపు 9 బార్ల (బార్ అంటే ఒత్తిడికి కొలత) ఒత్తిడితో కాఫీ పొడిలోకి నెడుతుంది. మోకా పాత్రలో ఆ ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర బార్లకు అటూ ఇటూ మాత్రమే. కాబట్టి కాఫీ పైన క్రీమా అనే ఆ బంగారు రంగు నురగ పొర రాదు. పాలలోకి ఆవిరి కొట్టే గొట్టమూ లేదు. ఇవి రెండూ లేవని దిగులు పడకు. పాలు కలిపినా రుచి పోనంత చిక్కటి కాఫీని ఇది ఇస్తుంది, నురగ సంగతి మనం వేరేగా చూసుకోవాలి.

నీ పాత్ర మూడు కప్పులది అన్నావు. అవి ఇటలీ వాళ్ల చిట్టి కప్పులు. పాత్ర కింది భాగంలో, అంటే అడుగు గదిలో పట్టేది ఇంచుమించు 130 మిల్లీలీటర్ల నీళ్లు, పైకి వచ్చే కాఫీ ఇంకాస్త తక్కువ. అది రెండు కాపుచినోలకు సరిపోతుంది. ఫొటోలో నువ్వు మొత్తం కాఫీ ఒకే పెద్ద మగ్గులో పోసి, అంచుదాకా పాలు నింపావు. అలా చేస్తే అది కాపుచినో కాదు, పాల కాఫీ అవుతుంది. 160 నుంచి 180 మిల్లీలీటర్లు పట్టే కప్పు తీసుకో. అందులో 50 కాఫీ, కాచకముందు కొలిచిన పాలు 100. నురగ వచ్చాక పాలు ఉబ్బి కప్పు తనే నిండుతుంది.

ఇక పొడి. ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడి వేశానన్నావు. ఆ ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చదువు, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతమో ఉంటుంది. మన చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే తక్కినదంతా చికోరీ అయినా అమ్మవచ్చు. ఫిల్టర్‌లో నింపాదిగా దిగే డికాక్షన్‌కు చికోరీ చిక్కదనం ఇస్తుంది. మోకాలో అదే చికోరీ నాని జిగురెక్కి నీళ్లకు అడ్డం పడుతుంది, చేదూ పెంచుతుంది. చికోరీ కలపని పొడి తెచ్చుకో. అరకు అరాబికా నాకు ఇష్టం. మన్యంలో గిరిజన రైతులు చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య పండించే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలల్లో మరీ మెత్తగా అనిపిస్తే రొబస్టా అనే ఇంకో రకం కాఫీ కొంచెం కలిపిన పొడి తీసుకో. ఇటలీ వాళ్ల మోకా పొడుల్లో చాలావాటిలో రొబస్టా ఉంటుంది. మన దేశపు కాఫీని అందరికంటే ఎక్కువగా కొనే దేశం కూడా ఇటలీయే. మర పట్టించేటప్పుడు బొంబాయి రవ్వ కంటే సన్నగా, మైదా కంటే గరుకుగా ఉండాలని చెప్పు.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి రా. నీళ్లు విడిగా కాచి, అడుగు గదిలో సేఫ్టీ వాల్వు కిందివరకే పోసుకో. వాల్వు మునగకూడదు. చన్నీళ్లతో మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు, కానీ ఆ నీళ్లు వేడెక్కేదాకా పైనున్న పొడి కూడా ఊరికే కాలుతూ కూర్చుంటుంది. నేను వేడి నీళ్లే పోస్తాను. దాని మీద అమరే గరాటులో పొడి నిండుగా వేసి, వేలితో పైన చదును చెయ్యి. నొక్కకు. ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో, నొక్కి కుక్కితే నీళ్లకు దారి ఉండదు, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. అడుగు గది కాలుతూ ఉంటుంది కాబట్టి మందపాటి గుడ్డతో పట్టుకుని పై భాగాన్ని బిగించు. పిడి పట్టుకుని తిప్పకు, అది విరుగుతుంది.

స్టవ్‌లో అన్నిటికంటే చిన్న బర్నర్ వాడు. మన స్టవ్ కాళ్ల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి చిన్న పాత్ర ఒరిగిపోతుంది. పాత్రల కొట్లో చిన్న గిన్నెలకు వేసుకునే ఇనుప జాలీ దొరుకుతుంది, అది పెట్టుకో. మంట పాత్ర అడుగు దాటి పక్కలకు రాకూడదు. వస్తే పిడి కరుగుతుంది, కాఫీ మాడుతుంది. నీ మాడు వాసనలో సగం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. మూత తెరిచే ఉంచి, దగ్గరే నిలబడు.

లోపల జరిగేది ఇది. అడుగు గదిలో గాలీ ఆవిరీ పెరిగి నీళ్లను గరాటు గుండా పైకి తోస్తాయి. ముందు ముదురు గోధుమ రంగు కాఫీ సన్న ధారగా, నెమ్మదిగా వస్తుంది. మంచి కాఫీ అంటే అదే. నీళ్లు గరాటు కొస కంటే కిందికి దిగిపోయాక ఆవిరి పొడిలోంచి దూసుకొస్తుంది. గరగరమని చప్పుడవుతుంది, ధార పసుపు రంగుకు తిరుగుతుంది, కాఫీ చిందుతుంది. ఆ ఆవిరే చేదంతా పిండి పైకి తెస్తుంది. చాలామంది ఆ చప్పుడు విని కాఫీ అయిందనుకుని అప్పుడు కట్టేస్తారు. నువ్వు చప్పుడు మొదలయ్యే ముందే, ధార రంగు పలచబడడం కనిపించగానే దించెయ్యి. దించి, అడుగు భాగాన్ని తడిగుడ్డ మీద పెట్టు. లోపలి వేడి చల్లారి ధార ఆగిపోతుంది. అడుగున కొంచెం నీళ్లు మిగిలిపోతాయి. ఆ నీళ్లను పైకి రప్పించాలని చూడకు. పైన చేరిన కాఫీని చెంచాతో ఒకసారి కలుపు, మొదట వచ్చిన చిక్కటిది అడుగునే ఉండిపోతుంది కాబట్టి. చక్కెర వేసుకునేటట్టయితే ఈ దశలోనే వెయ్యి. నురగ పోశాక కలిపితే నురగ చెడుతుంది.

పాల దగ్గర మన అలవాటు ఇంకా గట్టిది, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. నువ్వు వాడేది పొద్దున కాచి, మీగడ కట్టి, మళ్లీ వేడి చేసిన పాలు. పాల నురగను నిలబెట్టేవి అందులోని మాంసకృత్తులు. పాలు మరిగితే వాటిలో కొన్ని రూపు మారిపోతాయి, కొన్ని మీగడ తెట్టులోకి వెళ్లిపోతాయి, నురగకు బలం తగ్గుతుంది. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసే, అంటే క్రిములు పోయేలా ముందే వేడి చేసే వస్తాయి. కాపుచినోకు కావలసిన పాలను కాచకుండా, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటివే వాడు. ఇంటికి పాలవాడు తెచ్చే విడి పాలైతే అలా కుదరదు, అవి కాచి తీరాలి. వాటిని కాచి, రాత్రంతా చల్లబరిచి, మీగడ తీసేసి, వడకట్టి వాడు. నురగ కొంచెం తక్కువ వస్తుంది, అంతే.

ప్యాకెట్లలో టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. కొవ్వు తక్కువైన కొద్దీ నురగ సులువుగా ఎత్తుగా లేస్తుంది, కానీ పొడిగా, రుచి లేకుండా ఉంటుంది. ఫుల్ క్రీమ్ నురగ బరువు, రుచి మాత్రం గొప్ప. కొత్తగా నేర్చుకుంటున్నావు కాబట్టి స్టాండర్డైజ్డ్‌తో మొదలుపెట్టు.

పాలు సన్న మంట మీద పెట్టి కలుపుతూ ఉండు. 60 డిగ్రీలు దాటగానే దించాలి, 65 మించనివ్వకు. థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు. గిన్నె అంచు చుట్టూ చిన్న బుడగలు కట్టడం మొదలై, పైన సన్నగా ఆవిరి ఆడుతున్నప్పుడే కట్టెయ్యి. పొంగు కోసం చూశావంటే ఆ పాలు కాపుచినోకు పనికిరావు. ఈ వేడిలో పాల తీపి నాలుకకు బాగా తెలుస్తుంది. 70 దాటితే ఆ తీపి వెనక్కి పోయి, కాచిన పాల వాసన ముందుకొస్తుంది.

నురగకు ఫ్రెంచ్ ప్రెస్ (జాలీ ఉన్న పిడిని కిందికి నొక్కి కాఫీ వడకట్టే పాత్ర) మంచిది. అందులో మూడోవంతుకు మించకుండా పాలు పోసి, జాలీని పైకీ కిందికీ అర నిమిషం గబగబా ఆడించు. పాలు పావువంతు ఉబ్బగానే ఆపు. బ్యాటరీతో తిరిగే చిన్న కవ్వం అయినా సరే, దాన్ని మొదట పైపైన తిప్పి గాలి ఎక్కించి, తరవాత లోపలికి ముంచి బుడగలు సన్నబడేదాకా ఉంచు. గ్లాసులోంచి గిన్నెలోకి ఎత్తి పోస్తే వచ్చే నురగ వేరు. ఆ బుడగలు పెద్దవి, వెంటనే పగులుతాయి. ఇక్కడ మనకు కావలసింది కంటికి విడివిడిగా కనబడనంత సన్న బుడగలు. ప్రెస్‌ను ఒకసారి గట్టు మీద మెల్లగా తట్టి గుండ్రంగా ఊపు. పాల పైభాగం నిగనిగలాడితే కుదిరినట్టే. ఆలస్యం చేయకుండా కాఫీ మధ్యలో సన్నగా పోస్తూ, చివర్లో వేగం పెంచు. ఆగితే పాలూ నురగా విడిపోతాయి.

ఒక్క విషయం. ఇంత జాగ్రత్తగా చేసిన కాపుచినో మన కాఫీ అంత వేడిగా ఉండదు. మీ నాన్నకు ఇస్తే చల్లారిపోయిందంటాడు. ఆయన కోసం పాలు మరిగించకు, కప్పును వేడి నీళ్లతో ముందే వెచ్చబెట్టు.

కడగడం గురించి. స్టీలు పీచు, చింతపండు, నిమ్మచెక్క ఈ అల్యూమినియానికి తగలనివ్వకు. డిష్‌వాషర్‌లో అసలే వేయకు, నల్లబడిపోతుంది. కొత్తది కాబట్టి మొదటి రెండు మూడు సార్ల కాఫీ పారబోసెయ్యి. లోపల నల్లటి పొర కట్టనిస్తే రుచి పెరుగుతుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అది కాఫీ నూనె, పాతబడితే కమురు వాసన వేస్తుంది. రోజూ వేడి నీళ్లతో, అప్పుడప్పుడు చుక్క సబ్బుతో చేత్తో కడిగి, విడి భాగాలుగానే ఆరబెట్టు. బోరు నీళ్లు వాడకు, ఉప్పు పేరుకుని వాల్వు మూసుకుపోతుంది. బిగించిన చోట నుంచి ఆవిరి తప్పించుకుంటుంటే లోపలి రబ్బరు వాషర్ మార్చాలని అర్థం. కొనేటప్పుడు నీ పాత్ర కంపెనీ, ఎన్ని కప్పులదో చెప్పి తీసుకో, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఈ ఆదివారం చేసి, ధార రంగు మారినప్పుడు ఫొటో తీసి పంపు. సరైన చోట దించావో లేదో చూసి చెబుతాను.

ప్రేమతో,
అత్తయ్య