దుబాయ్ పోయేటప్పుడు రెండున్నర గంటలే, వచ్చేటప్పుడు ఐదా?

ప్రశ్న: మా పెద్దోడు దుబాయ్‌ల పనిచేస్తడు. పోయినప్పుడు శంషాబాద్‌ల పొద్దున 10కి ఎక్కి అక్కడ 12:20కి దిగుడని టికెట్ల ఉండె. ఇప్పుడు సెలవు మీద వస్తుండు, 12వ తారీఖు రాత్రి 10కి ఎక్కి 2:55కి దిగుడని ఉన్నది. రానీకి ఐదు గంటలు ఎందుకు? భూమి తిరుగుతది కదా అందుకే అంటుండు మా పక్కింటాయన. ఇంతకీ మేము కారు మాట్లాడుకొని ఏ రోజు పోవాలె?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: ముందు కారు సంగతి చెప్తానమ్మా, అదే ముఖ్యం. మీ అబ్బాయి దిగేది 13వ తారీఖు తెల్లవారుజామున, అంటే మీరు 12 రాత్రే బయల్దేరాలి. 13 రాత్రి అనుకున్నారో, పాపం పిల్లాడు పగలంతా అక్కడే కూర్చోవాలి. రాత్రి 10, 10:30కి బయల్దేరినా సరిపోతుంది, ఎందుకంటే అక్కడి రాత్రి 10 అంటే మనకి 11:30, అప్పటిదాకా ఆ ఫ్లైట్ కదలదు, దిగాక ఇమిగ్రేషన్, బ్యాగులు అని ఇంకో గంట ఎటూ పడుతుంది.

టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. పోయేటప్పుడు కనపడే 2:20కి ఆ గంటన్నర కలపండి, 3:50 అవుతుంది. వచ్చేటప్పుడు కనపడే 4:55లోంచి తీసేయండి, 3:25. అంటే మీరనుకున్నదానికి ఉల్టా, రావడమే తొందరగా అవుతుంది!

ఆ పాతిక నిమిషాలు గాలి వల్ల. పక్కింటాయనకి చెప్పండి, భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఉంటుంది కాబట్టి కింద భూమి జరిగిపోవడం అనేది ఏమీ ఉండదు. కానీ పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, ఉత్తర భారతం, గల్ఫ్ వైపు పడమర నుంచి తూర్పుకి గట్టి గాలి వీస్తుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. దుబాయ్ పోయే విమానానికి అది ఎదురుగాలి, వచ్చేదానికి వెనకనుంచి తోపు. వానాకాలంలో ఆ గాలి ఉత్తరానికి జరిగిపోయి మన దక్కన్ మీద పైన తూర్పు గాలి మొదలవుతుంది, అప్పుడు ఈ తేడా బాగా తగ్గుతుంది.

ప్రశ్న: శంషాబాద్–దుబాయ్ 2,550 కిలోమీటర్లు, విమానం స్పీడు 850. మూడు గంటల్లో పోవాలి కదా?
– ఒక డిగ్రీ స్టూడెంట్, నిజామాబాద్

జవాబు: లెక్క కరెక్టే, కానీ 2,550 అనేది తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం. విమానం రన్‌వే ఎటుంటే అటు లేచి, తర్వాత తిరిగి, ఎయిర్ ట్రాఫిక్ వాళ్ళు ఇచ్చిన రూట్‌లో పోతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు 850 ఉండదు. వంద కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కకి 750యే, అక్కడే ఇంకో పాతిక నిమిషాలు పోయాయి. పైగా టికెట్ టైం గేటు నుంచి గేటు వరకు, రన్‌వే దాకా మెల్లగా పోవడం, లైన్లో ఆగడం అన్నీ అందులోనే. కంపెనీలు లేటు మాట రాకుండా కొంచెం ఎక్కువే వేసుకుంటాయి, అందుకే ఒక్కోసారి ఇరవై నిమిషాలు ముందే దించేస్తారు.