కొత్తగా .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనొచ్చా? నా మొదటి ఇరవై తూటాల అనుభవం

విజయవాడ నుంచి ఒకరు అడిగారు: నాన్నగారి తుపాకీ లైసెన్స్ తన పేరు మీదికి మారింది. ఇంట్లో పాత డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) ఉంది. దానికి తోడు కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిల్ (బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా లోపలికి వెళ్లేది) ఒకటి తీసుకుందామనుకుంటున్నారు. .315, .30-06 అనేవి రైఫిల్ తూటాల రకాలు. .315కి తూటాలు దొరకవని ఒకరు, .30-06 భుజం విరగ్గొడుతుందని ఇంకొకరు చెబుతున్నారట. ఏది తీసుకోవాలి, తెచ్చాక ఎలా పరీక్షించుకోవాలి?

నాది గుంటూరు. పొలం కొండవీడు కొండల కింద ఉంది. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో పందుల మంద ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి చేను నేలకు పడి ఉంటుంది. అందుకే పంట రక్షణ కింద లైసెన్స్‌కి పెట్టుకున్నాను. వచ్చాక .315 కొన్నాను. నా ఓటు దానికే, కానీ కొనే ముందు అదేమిటో తెలుసుకుని కొనండి.

ఈ తూటా అసలు మనది కాదు. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8×50 మాన్లికర్ తూటాయే మన .315. బ్రిటిష్ సైన్యం తూటా .303. అది మామూలు జనం చేతికి వెళితే సైన్యం మందుగుండు బయట తిరుగుతుందని, ఇండియాలో పౌరులకు .303 నిషేధించారు. ఆ ఖాళీలోకి వచ్చింది .315. స్వాతంత్ర్యం తర్వాత కూడా .303 నిషేధిత బోర్‌గానే (బోర్ అంటే గొట్టం సైజు) ఉంది, .315 మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల్లో తయారవుతూ వచ్చింది. మిగతా ప్రపంచంలో దాదాపు కనుమరుగైన తూటా మన దగ్గర రైతుల ఇళ్లలో బతికి ఉంది. రైఫిల్ చేతికి తీసుకున్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే దాని మీద గౌరవం కలుగుతుంది. నాకైతే కలిగింది.

బుల్లెట్ బరువైనది, మాన్లికర్ లెక్కలో 244 గ్రెయిన్లు, అంటే సుమారు 16 గ్రాములు. వేగం తక్కువ. 100 మీటర్ల లోపు, మామూలు ఇనుప సైట్లతో (గొట్టం మీద గురి చూసుకునే ముక్కలు), దీనికి వంక పెట్టలేం. దూరం పెరిగే కొద్దీ బుల్లెట్ త్వరగా కిందికి జారుతుంది. .30-06 దీనికంటే చాలా వేగమైనది, దూరం బాగా కొడుతుంది, తన్నుడు కూడా ఎక్కువే. పైగా అది మాత్రం షాపులో అడిగిన రోజునే దొరుకుతుందా? దొరకదు. మన పొలాల దగ్గర చెట్లు, గట్లు, మనుషుల తిరుగుడు మధ్య 300 మీటర్ల షాట్ అనే మాటే తప్పు. అందుకని నాకు .315 చాలు. ఏది కొన్నా ముందు డీలర్ దగ్గర తూటాలు ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాతే రైఫిల్‌కి డబ్బు కట్టండి. ఏడాదికి ఎన్ని కొనొచ్చో, ఒకేసారి ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చో లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. అంటే మీ చేతిలో ఉండేవి లెక్కపెట్టిన తూటాలు. ఇంకో సంగతి, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక లైసెన్స్‌దారుకి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. డబుల్ బ్యారెల్ ఉంచుకుంటే ఇది రెండోది, ఇక అక్కడికి ఆఖరు.

ఇప్పుడు పరీక్ష సంగతి. పొలంలో కొబ్బరి చెట్టుకి గురిపెట్టి చూద్దాం అన్న ఆలోచనే వద్దు. ఈ బుల్లెట్ కిలోమీటర్ల దూరం పోతుంది. ఊళ్లలో కనిపించే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌లు కూడా దీనికి పనికిరావు. పెద్ద బోర్ కాల్చడానికి అనుమతి ఉన్న రేంజ్‌కే వెళ్లాలి, వెనక మట్టి దిబ్బ ఉండాలి. నేను రైఫిల్ క్లబ్ వాళ్ల ద్వారా ముందే మాట్లాడుకుని వెళ్లాను. తోడుగా మా బాబాయిని తీసుకెళ్లాను, సైన్యంలో చేసి రిటైరయ్యాడు.

ముందు రోజు రాత్రి ఇంట్లో గొట్టం శుభ్రం చేశాం. కొత్త రైఫిల్ నూనె, గ్రీజుతో వస్తుంది. బోల్ట్ బయటికి తీసి, గుడ్డ పేలికలు ఒకదాని తర్వాత ఒకటి తోస్తే మొదటివి నల్లగా, జిగటగా వచ్చాయి. తెల్లగా వచ్చేదాకా బాబాయి ఒప్పుకోలేదు. అయినా లోపల పల్చటి పొర ఉంటుందని, మొదటి తూటా ఎక్కడ తగిలినా లెక్కలోకి తీసుకోవద్దని చెప్పాడు.

రేంజ్‌లో నా మొదటి పొరపాటు మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) నింపడంలోనే జరిగింది. .315 తూటాకి అడుగున అంచు ఉంటుంది, గిన్నెకి ఉన్నట్టు. పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండేలా పేర్చాలి. నేను గబగబా నొక్కేశాను. బోల్ట్ తోస్తే కదల్లేదు. ఈ రైఫిల్‌ది పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతి, బోల్ట్ మూసేటప్పుడే స్ప్రింగ్ బిగుస్తుంది, కాబట్టి చివర్లో కాస్త గట్టిగా తోయాలని ఎక్కడో విని ఉన్నాను. ఇదీ అదేననుకుని బలంగా నెట్టాను. "ఆగరా, ఆగు! బలం పెట్టమాక!" అని బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. మ్యాగజైన్ తీసి చూపించాడు: పై తూటా అంచు కింది దాని వెనక ఇరుక్కుని ఉంది. తేడా ఇలా గుర్తుపెట్టుకోండి. స్ప్రింగ్ బిగువు బోల్ట్ మూసుకునే చివరి అంగుళంలో తగులుతుంది. తూటా అందుకునే చోటే, అంటే మొదట్లోనే ఆగిపోయిందంటే అంచులు ఒకదానికొకటి ఇరుక్కున్నాయని అర్థం. స్ప్రింగ్ బిగువుకి బలం కావాలి. అంచులు ఇరుక్కుంటే బలం పెట్టకూడదు, మ్యాగజైన్ తీసి సర్దాలి. .30-06 తూటాకి ఇలా పొడుచుకొచ్చే అంచు లేదు కాబట్టి ఈ బాధ ఉండదు, అది దాని పక్షాన చెప్పాల్సిన మాట.

చెవులకి మఫ్స్ పెట్టుకుని, బల్ల మీద ఇసుక మూటలు ఆనించి, 50 మీటర్ల కాగితం మీద కాల్చాను. నూనె షాట్ వదిలేశాక మూడు కాల్చాను. మూడూ గురికి కిందే, పైగా మూడూ మూడు చోట్ల. నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంత డబ్బు పోసి కొన్నది వంకర రైఫిలా అని సైట్ జరపబోయాను. బాబాయి జరపనివ్వలేదు. తప్పు సైట్‌లో ఉంటే మూడూ కలిసి ఒకే పక్కకి పోతాయి, చెదిరాయంటే కాల్చేవాడిని చూడాలి అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని మీరు కూడా తప్పకుండా చేయండి. నన్ను పక్కకి చూడమని, ఆయనే బోల్ట్ మూసి రైఫిల్ ఇచ్చాడు. లోపల తూటా ఉందో లేదో నాకు తెలియదు. గొట్టం ఎప్పుడూ దిబ్బ వైపే. మొదటిది పేలింది. రెండోసారి గురిపెట్టి ట్రిగ్గర్ లాగాను. టిక్కుమంది, ఖాళీ. పేలనే లేదు, అయినా గొట్టం మూతి ఒక్కసారిగా కిందికి వంగింది. అది నాకే స్పష్టంగా తెలిసింది. నా కళ్లు మూసుకుపోయాయి కూడా. తన్నుడు వస్తుందని భుజం ముందే తోసేస్తోంది. ఖాళీవి కలిపి పదిహేను సార్లు, అసలు తూటాలు ఆరు. చివరికి ఖాళీ మీద మూతి కదలడం ఆగింది. ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గర్‌ని నిమ్మళంగా వెనక్కి నొక్కుతూ పోవడం, ఎప్పుడు పేలుతుందో నాకే తెలియకుండా పేలనివ్వడం. ఇంతే నేర్చుకున్నది, కానీ చెప్పినంత తేలిక కాదు.

ఆ తర్వాత కాల్చిన మూడూ అరచేతిలో పట్టేంత చోటులో పడ్డాయి, మధ్య కంటే కొంచెం ఎడమకి. ఇప్పుడు సైట్ జరిపాం. గొట్టం మూతి దగ్గరి సైట్‌ని తప్పు పోయిన వైపే జరపాలి. ఎడమకి పడుతుంటే ఎడమకే. వెనక సైట్ అయితే దీనికి తిరగేసి. ఇంకో మూడు మధ్యలోకి వచ్చాయి. 100 మీటర్ల దగ్గర మూడు కాల్చి చూసుకుని ఆపేశాం. ఇరవైలో ఒకటి మిగిలింది. ఆ రోజు ముందే సైట్ తిప్పి ఉంటే ఇరవై అయిపోయినా నాకు ఏమీ తెలిసేది కాదు, మళ్లీ తూటాల కోసం డీలర్ చుట్టూ తిరగాల్సి వచ్చేది. మీరు ఇంటి దగ్గర, ఖాళీ గొట్టం రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, రోజూ పది నిమిషాలు ఖాళీ ట్రిగ్గర్ సాధన చేయండి. దానికి ఖర్చు లేదు.

వేట గురించి కూడా ఒక మాట, ఎందుకంటే కొత్త రైఫిల్ అనగానే ఆ ఆశ పుడుతుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. అడవి పంది కూడా ఆ చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. నిలబడి ఉన్న పంటకి ప్రమాదం అయితే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం లేకుండా, మీ లైసెన్స్ పంట రక్షణ కింద వచ్చినదైనా సరే, పంది మీద కాల్చే హక్కు మీకు లేదు. నేను ఇప్పటివరకు కాగితం మీద తప్ప దేని మీదా కాల్చలేదు. అనుమతి కోసం ఫారెస్ట్ ఆఫీసులో అర్జీ పెట్టుకుని, ఈలోగా రాత్రి కాపలా, సోలార్ ఫెన్సింగ్‌తో నెట్టుకొస్తున్నాను.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు రైఫిల్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. 2024లో నాకూ చెప్పారు, ఇచ్చి రసీదు తీసుకున్నాను. మీరు ఇచ్చే ముందు గొట్టం లోపల పల్చగా నూనె పూయండి, ఎన్ని రోజులు ఉంచుతారో తెలియదు, మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. తిరిగి తెచ్చుకున్నాక పేలికలు తెల్లగా వచ్చేదాకా తుడవండి, మొదటి తూటాని మళ్లీ లెక్కలోంచి తీసేయండి.