రోజూ తప్పులు చేస్తూనే ఉన్నాను, అంటే నేను తిరిగి జన్మించనట్టేనా?

బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయింది, ఇంకా తప్పులు చేస్తూనే ఉన్నాను, 1 యోహాను 3:9లో దేవుని మూలంగా పుట్టినవాడు, అంటే తిరిగి జన్మించినవాడు, పాపం చేయడని ఉంది, మరి నాకు రక్షణ లేదా అని మీరు అడిగారు. ఈ వచనం నాకూ చాలా రాత్రులు నిద్రపట్టనివ్వలేదండీ.

ముందు అదే పత్రికలో, అంటే యోహాను రాసిన ఆ ఉత్తరంలోనే, 1:8 చూడండి. పాపం లేదని చెప్పుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టు అని రాసింది కూడా ఆ యోహానే, అదీ విశ్వాసులకే. కాబట్టి 3:9 అంటే ఒక్కసారి కూడా జారకపోవడం అయ్యుండదు. గ్రీకులో అక్కడి క్రియ జరుగుతూ ఉండే పనిని చెప్పే రూపంలో ఉంది, అంటే పాపాన్నే అలవాటు చేసుకుని అందులో హాయిగా ఉండిపోవడం అని చాలామంది బోధకులు వివరిస్తారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. ఇక 2:29లో "నీతిని జరిగించు ప్రతివాడును" ఆయన మూలంగా "పుట్టియున్నాడని" ఉంటుంది. పుట్టడం ముందే అయిపోయింది, నీతి తర్వాత బయటపడుతోంది. బిడ్డ ఏడ్చింది కాబట్టి పుట్టలేదు కదా, పుట్టింది కాబట్టే ఏడ్చింది. నేనేమో చాలాకాలం దీన్ని తిరగేసి చదివి, మంచిపనులు లెక్కేసుకుంటూ కూర్చున్నా.

నా సంగతి చెప్తా. ఆఫీసులో ప్రతి శుక్రవారం టైమ్‌షీట్ నింపాలి, ఆరు గంటలు చేసినా ఎనిమిది వేసేవాణ్ణి, అందరూ అంతే. బాప్తిస్మం తర్వాత కూడా నాలుగు నెలలు అలాగే వేశా, ఏమీ అనిపించలేదు (సంఘంలో సాక్ష్యం, అంటే దేవుడు నన్నెలా మార్చాడో చెప్పేటప్పుడు ఈ నాలుగు నెలలు మింగేసేవాణ్ణి). ఒక శుక్రవారం మాత్రం సబ్మిట్ మీద కర్సర్ పెట్టి అలా ఉండిపోయా, వేలు కదల్లేదు. ఎనిమిది తీసేసి ఆరు కొట్టా. సోమవారం మేనేజర్ పిలిచి ఈ వారం తక్కువున్నాయేంటి అంటే, ఇంతకుముందువే తప్పండీ అన్నా. కాసేపు నా మొహంలోకి చూసి, సరే ఇకనుంచి సరిగ్గా వెయ్యి అన్నాడు, అంతే.

ఇక్కడితో ఆపితే మంచి సాక్ష్యమే, కానీ మూడు వారాలకే మళ్లీ ఒక అబద్ధం గంట కలిపా. తేడా ఏంటంటే ఆ రాత్రి అది లోపల ముల్లులా గుచ్చింది, పొద్దున లేచి సరిచేసేదాకా ప్రార్థన చేయబుద్ధి కాలేదు. పాత నేనైతే హాయిగా పడుకునేవాణ్ణి. ఇంకో గొడవ కూడా వచ్చింది, నా టైమ్‌షీట్ సరయ్యాక పక్కవాళ్లవి చూడటం మొదలెట్టా! లూకా 18లో పక్కవాడితో పోల్చుకుని తనే నీతిమంతుణ్ణనుకున్న పరిసయ్యుడు నేనే.

అలాగని మంచిగా బతికే ప్రతివాళ్లూ తిరిగి జన్మించినట్టేనా అంటే, యోహాను నీతి అనే ఈ ఒక్క గుర్తు చెప్పి వదిలెయ్యలేదు. 5:1లో యేసే క్రీస్తని నమ్మడం, 3:14లో సహోదరుల్ని ప్రేమించడం కూడా ఉన్నాయి, మూడూ కలిపి చూడాలి. 3:10లో కూడా నీతినీ సహోదర ప్రేమనీ ఒకే ఊపులో చెప్పాడు.

కాబట్టి బ్రదర్, ఎన్నిసార్లు పడ్డాను అని లెక్కెయ్యకండి, పడ్డాక ఏం చేస్తున్నారో చూడండి, 1:9 ప్రకారం ఒప్పుకుంటున్నారా, సరిచేసుకోగలిగింది సరిచేస్తున్నారా. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నది యేసు తన ఇంటికి వచ్చాకే. ఇంకో పని, మీ గురించి మీరే తీర్పు చెప్పుకోకుండా ఇంట్లోవాళ్లని అడగండి. నేను మా ఆవిడని అడిగా, రక్షణ పొందాక నాలో ఏమైనా మారిందా అని. కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే, "కోపం తగ్గలేదు, కానీ ఇప్పుడు సారీ చెప్తున్నారు" అంది.