అమ్మ గురించి రాసే ముందు ఆమె నోటుపుస్తకాలు తెరవండి

ప్రశ్న: మా అమ్మ ఇటీవల కన్నుమూసింది. మంచి భార్య, మంచి తల్లి. స్థానిక చరిత్రను సేకరించే బృందంలో ఎన్నో ఏళ్లు స్వచ్ఛందంగా పనిచేసింది. ఆ బృందం వేసే సంస్మరణ సంచికకు నన్ను వ్యాసం రాయమన్నారు. ఎలా రాయాలి? ఆమె దాచిన కాగితాలు, ఫొటోలు, క్యాసెట్లు ఏం చేయాలి?

జవాబు:

మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను. మా అమ్మ కూడా ఇదే పని చేసేది. ఆమె పోయాక అలాంటి వ్యాసమే రాయాల్సి వచ్చింది, ఆమె పెట్టెల బాధ్యతా నా మీదే పడింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

"అనురాగవతి అయిన భార్య, త్యాగమయి అయిన తల్లి" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాటలు నిజమే కావచ్చు, కానీ ఏ ఇల్లాలి గురించి రాసినా అవే అతుకుతాయి. అవి ముందు వరసలో కూర్చున్నాయంటే చరిత్ర కోసం ఆమె చేసినదంతా చివరికి "తీరిక వేళల్లో పాత విషయాలు సేకరించేవారు" అనే ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది. మా అమ్మ గురించి బంధువులు రాసిచ్చిన నాలుగు ముక్కల్లోనూ ఈ వాక్యమే ఉంది. చదివి నాకు చాలా బాధ కలిగింది. ఆమెకు తీరిక ఎక్కడిది? ఇంటి పని, మా చదువులు, నాన్న అనారోగ్యం, వీటన్నిటి మధ్య నుంచి గంటలు తీసి ఆ పనికి ఇచ్చింది.

నేను ఆ ముక్కలు పక్కన పెట్టి ఆమె నోటుపుస్తకాలతో మొదలుపెట్టాను. ప్రతి పేజీలో ఎడమవైపు సన్నని గీత, దాని పక్కన రెండే గుర్తులు ఉండేవి: "చూసినవారు", "విన్నవారు". పాత వంతెన కూలిన రోజు గురించి ఎవరైనా చెబితే, వారు ఆ రోజు అక్కడున్నారా, లేక ఇంట్లో పెద్దలు చెప్పుకుంటుంటే విన్నారా అని అడిగి తెలుసుకునేది. రెండూ రాసుకునేది, కానీ ఎన్నడూ కలిపేది కాదు. చిన్నప్పుడు మేం కొట్లాడుకుని ఫిర్యాదు చేస్తే "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అని అడగడం గుర్తొచ్చింది. తల్లిగా అడిగినా చరిత్ర రాస్తూ అడిగినా ఆమెది అదే పట్టుదల. నా వ్యాసానికి దారి అక్కడే దొరికింది.

ఆమె ప్రశ్నలు అడిగే తీరు కూడా టేపుల్లో వినవచ్చు. "మీ బడి గురించి చెప్పండి" అనేది కాదు. "బడికి ఏ తలుపు నుంచి వెళ్లేవారు? ఆ తలుపు దాటాక మొదట ఎవరు కనిపించేవారు?" అని అడిగేది. అడిగాక ఊరుకునేది. కొన్ని చోట్ల ఆ మౌనం ఎంత సేపు సాగుతుందంటే టేపు ఆగిపోయిందేమో అనిపిస్తుంది. తర్వాత అవతలి మనిషి నెమ్మదిగా మొదలుపెట్టి, ఎవరికీ చెప్పని విషయం చెబుతారు. ముఖ్యంగా ఆడవాళ్లు. పాత మిల్లులో పనిచేసిన స్త్రీల కూలి, పనివేళలు, పసిపిల్లలను ఎక్కడ పడుకోబెట్టేవారు అన్నవి ఏ రికార్డులోనూ లేవు, అమ్మ టేపుల్లో ఉన్నాయి. మీ అమ్మగారి వల్ల మాత్రమే నిలిచిన సంగతి ఒక్కటైనా ఉండి తీరుతుంది. దాన్ని వెతికి పట్టుకుని వ్యాసంలో సగం దానికే ఇవ్వండి.

భార్యగా ఆమె గురించి నేను రాసినది ఒక్క పేరానే. నాన్నకు జ్ఞాపకశక్తి తగ్గుతూ వచ్చిన సంవత్సరాల్లో ఆయన ఏదైనా తప్పుగా చెబితే అమ్మ సరిదిద్దేది కాదు, ఇంకో ప్రశ్న అడిగేది. జవాబులు రాసుకునేది కూడా. మిగతా అందరికీ ఇచ్చినట్టే వాటికీ వరుస సంఖ్య వేసి, "చెప్పినవారు: నా భర్త" అని రాసింది. అంతకుముందు చాలా ఏళ్లు రికార్డరు మోసినది, ఫొటోల జాబితాలు శుభ్రంగా తిరగరాసినది ఆయనే. జాబితాల్లో ఆయన చేతిరాత ఒక పేజీ దగ్గర ఆగిపోయి ఆమె రాత మొదలవుతుంది. వారి దాంపత్యం గురించి చెప్పడానికి నాకు అంతకన్నా ఏమీ అవసరం కాలేదు.

ఇక పెట్టెల సంగతి. ఎవరెంత తొందరపెట్టినా సంవత్సరాల వారీగా సర్దకండి. మా చెల్లెలు అలా సర్దుదామంటే, మాకు తెలిసిన ఒక ఆర్కైవిస్టు (పాత పత్రాలను భద్రపరిచే నిపుణులు) ఆపారు. కాగితాలు కూర్చినవారి క్రమాన్ని చెదరగొట్టకూడదన్నది ఆర్కైవు పనిలో మూలసూత్రం. ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు 1898లో ప్రచురించిన కరదీపికతో అది ప్రపంచమంతటా స్థిరపడింది. ఒక ఉత్తరం పక్కన ఒక ఫొటో ఎందుకుందో ఆ క్రమమే చెబుతుంది. ముందు ప్రతి పెట్టెనూ ఉన్నదున్నట్టు ఫొటో తీసి, తర్వాతే చేయి పెట్టండి. తుప్పు పట్టే పిన్నులు, అంటుకుపోయే రబ్బరు బ్యాండ్లు మాత్రం తీసేయండి. వార్తాపత్రికల ముక్కలను వేరే కవరులో ఉంచండి, ఆ కాగితంలోని లిగ్నిన్ అనే కలప పదార్థం వల్ల పుట్టే ఆమ్లం పక్కనున్న వాటినీ పచ్చబరుస్తుంది. లామినేషన్ ఎవరు సలహా ఇచ్చినా వద్దు, ఒకసారి చేస్తే కాగితం పాడవకుండా దాన్ని ఊడదీయడం దాదాపు అసాధ్యం. ఫొటోలను పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు మేలు. ఫొటో వెనుక రాయాలంటే మెత్తని పెన్సిలే వాడండి.

స్కానింగు గురించి ఎక్కువ కంగారు అక్కర్లేదు. ఫొటోలను 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) స్పష్టతతో, నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా భద్రపరచి, మూడు ప్రతులు ఉంచి, వాటిలో ఒకటి వేరే చోట దాచితే చాలు.

క్యాసెట్లు మాత్రం ఆగవు. టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు చెడిపోతుంది, వాటిని వినిపించే యంత్రాలూ బాగుచేసేవారూ కరువవుతున్నారు. అమ్మ ప్రతి ఇంటర్వ్యూ ముగియగానే క్యాసెట్ అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేసేది. అవి లేకపోతే దాని మీద మళ్లీ రికార్డు కాదు. అంత జాగ్రత్త తీసుకున్న మనిషి టేపులను మనం అటక మీద మగ్గనివ్వకూడదు. డిజిటల్‌లోకి మార్చేవారిని కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు అడగండి, అంతర్జాతీయ ధ్వని ఆర్కైవుల సంఘం సూచించే కనీస ప్రమాణం అదే. ఎంపీత్రీ ఇస్తామంటే అది వినడానికి అదనంగా తీసుకోండి.

సేకరణను గ్రంథాలయానికో ఆర్కైవుకో ఇచ్చేటప్పుడు రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఇతరులు రాసిన ఉత్తరాలు మీ పెట్టెలో ఉన్నా వాటి కాపీరైటు సాధారణంగా రాసినవారిదే, వారి తర్వాత వారసులది. బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు అది ఉంటుంది, చాలా దేశాల్లో ఇంకా ఎక్కువ. ఎవరైనా "ఇది నా తర్వాతే బయటపెట్టండి" అని చెప్పిన టేపులుంటే వాటిని వేరు చేసి, ఆ షరతును ఒప్పందంలోనే రాయించండి. మీ అమ్మగారు ఇచ్చిన మాట అది.

సేకరణకు ఆమె పేరు ఉండాలని కూడా అక్కడే పట్టుబట్టండి. కైఫీయత్తులనే ఊరూరి చరిత్రల సేకరణను మనం నేటికీ బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ పేరుతోనే పిలుస్తాం. ఆ పనికి దారి వేసిన ఆయన సహాయకుడు కావలి వెంకట బొర్రయ్య 1803లోనే పోయాడు, తమ్ముడు లక్ష్మయ్య కొనసాగించాడు. బొర్రయ్యకు తానెంత రుణపడ్డాడో మెకంజీ 1817లో ఒక లేఖలో స్వయంగా రాశాడు. అయినా ఆ సోదరుల పేర్లు తెలిసినవారు కొద్దిమందే. నేను ఇచ్చిన చోట మొదట "స్థానిక చరిత్ర, వివిధ పత్రాలు" అని నమోదు చేశారు. మళ్లీ వెళ్లి అడిగాను. ఇప్పుడు సూచికలో అమ్మ పూర్తి పేరు, ఆమె పనిచేసిన సంవత్సరాలు ఉన్నాయి. జాబితాలు రాసినవారిగా నాన్న పేరూ ఉంది.

చివరగా, ఆమె ఇంటర్వ్యూ చేసినవారిలో ఇంకా ఉన్నవారికి వ్యాసం రాసే ముందే ఫోను చేయండి. నాకు అమ్మ గురించి అత్యంత విలువైన మాటలు చెప్పింది వారే. చాలామంది పెద్ద వయసువారు కాబట్టి, ఆ పనీ క్యాసెట్ల పనీ ఈ నెలలోనే మొదలుపెట్టండి. పెట్టెలు కొన్నాళ్లు ఆగినా ఫరవాలేదు.