వంజంగి చలిలో ఫొటోలా?

ప్రశ్న: డిసెంబర్‌లో పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి మబ్బుల్ని ఫొటో తీద్దామనుకుంటున్నాం. చలికి ఏం జాగ్రత్తలు తీసుకోవాలండీ?

జవాబు: లావు స్వెట్టర్ ఒక్కటే కాదు, పల్చటివి రెండు మూడు వేసుకోండి, ఎక్కేటప్పుడు చెమట పడితే పైది విప్పెయ్యండి, లేదంటే తడిసిన బనీనుతో పైన సూర్యోదయం కోసం నిలబడ్డప్పుడు మొదలవుతుంది అసలు వణుకు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కాబట్టి స్పేర్‌ది లోపలి జేబులో పెట్టుకోండి. లెన్స్ మీద నోటితో ఊదకండి, ఇంకా మసకేస్తుంది, మెత్తటి గుడ్డ చాలు. పొగమంచులో ఫ్రేమ్ కోసం వెనక్కి వెనక్కి నడవడం మాత్రం వద్దు బాబూ! ఇంకోటి, బొగ్గుల కుంపటి టెంట్‌లో పెట్టుకుని జిప్పు వేసుకుని పడుకునేవాళ్లున్నారు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి బయటే ఉంచండి, లోపల రెండు దుప్పట్లు ఎక్కువ కప్పుకోండి.