పసుపు డబ్బా దగ్గర ఆగు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు డిసెంబరులో చెక్ దేశంలోని ప్రాగ్ వెళ్తున్నావని, అదీ ఒక్కదానివే వెళ్తున్నావని చెప్పాడు. ఆఫీసు వాళ్లే పంపిస్తున్నారట. ఆ మాట మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పాను. వాకిట్లోకి వెళ్లి పక్కింటాయనకి ఇంకోసారి చెప్పాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలి బొమ్మ పెడతావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

వీసా సంగతి ఆఫీసు చూసుకుంటుంది. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తక్కువ కాకుండా ఉండాలి. పాస్‌పోర్ట్ జిరాక్స్ రెండు తీసి వేరే వేరే సంచుల్లో పెట్టుకో. అక్కడ పాత ఊరంతా రాళ్లు పరిచిన దారులే, కాబట్టి ఎత్తు మడమల చెప్పులు ఇంట్లో వదిలెయ్. ఏ ఆపదొచ్చినా 112కి ఫోన్ చెయ్.

డబ్బు విషయం. వాళ్లది యూరో కాదు, కొరునా. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. నోట్లు కావాల్సి వస్తే, మార్పిడి కొట్ల బోర్డు మీద పెద్దక్షరాల్లో కనిపించే రేటు చూసి మురిసిపోకు. నా చేతికి ఎన్ని కొరునలు వస్తాయని ముందే అడిగి కాగితం మీద రాయించుకో. మోసపోయానని తర్వాత అనిపిస్తే, 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి వాళ్ల చట్టంలో ఉంది. రసీదు పారెయ్యకు.

ఎయిర్‌పోర్టుకి మెట్రో లేదు. పైన కరెంటు తీగల సాయంతో నడిచే పొడుగాటి బస్సు, 59 నంబరుది, వెలెస్లవీన్ స్టేషన్ దాకా తీసుకెళ్తుందట. మీ అన్నయ్య ఈమధ్య మళ్లీ వెళ్లొచ్చి చెప్పాడు. అక్కడ దిగి పచ్చ లైను మెట్రో ఎక్కు.

ఇక అసలు విషయం. టికెట్.

నవ్వకు. 31 ఏళ్లు కండక్టర్‌గా చేసినవాడు ఇంకేం రాస్తాడు అనుకుంటావు. కానీ ఇది మీ అన్నయ్యకీ మీ పెద్దమ్మకీ తప్ప ఎవరికీ తెలియని సంగతి. మీ నాన్నకి కూడా చెప్పలేదు.

2016లో మేం జర్మనీలో, డ్రెస్డెన్‌లో అన్నయ్య దగ్గర ఉన్నప్పుడు రెండు రోజులకని రైల్లో ప్రాగ్ వెళ్లాం. రెండో రోజు వాడికేదో పని పడింది. టికెట్లు కొని నా చేతిలో పెట్టి, కోటకి 22 నంబరు ట్రామ్ ఎక్కమని, లోపల పసుపు రంగు డబ్బాలో టికెట్ కొట్టించమని చెప్పాడు. నేను వినిపించుకోలేదు. టికెట్ కొట్టడం ప్రయాణికుడి పనేంటి? అది కండక్టర్ పని. ఆయనే వస్తాడులే అని రెండు టికెట్లూ మడత పడకుండా చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నాను.

మీ పెద్దమ్మ చూసింది. ఎక్కినవాళ్లలో ఒకరిద్దరు ఆ డబ్బాలో టికెట్ దూర్చి తీసుకుంటుంటే, "మనం కూడా పెట్టొద్దూ?" అంది. నేనేమన్నానో తెలుసా? "లక్షల టికెట్లు కొట్టినవాడికి నువ్వు నేర్పుతావా?" అన్నాను. అంతమందిలోనూ గట్టిగానే అన్నాను. ఎలాగూ ఎవరికీ తెలుగు రాదుగా!

మూడు స్టాపులు దాటాక, జీన్స్ ప్యాంటు వేసుకున్న అమ్మాయి ఒకతె లేచి అరచేతిలో బిళ్ల చూపించింది. అప్పటిదాకా మా ఎదురు సీట్లోనే కూర్చుని ఉంది. దర్జాగా టికెట్లు ఇచ్చాను. ఆమె ముందూ వెనకా తిప్పి చూసి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసమ్మా. నేను చూసిన చూపే అది.

చిలకలూరిపేట రూటులో పనిచేసేటప్పుడు ఒక ముసలమ్మ కూరగాయల గంపతో నిద్రపోయి, టికెట్ తీసుకున్న స్టేజి దాటి వచ్చేసింది. చెకింగ్ వాళ్లు ఎక్కితే నా ఉద్యోగం మీదకి వస్తుందన్న భయంతో, అందరి ముందూ కేకలేసి దింపేశాను. "చూసుకోలేదు నాయనా" అని గంప ఎత్తుకుని దిగిపోయింది. ఆమె మొహం అన్నేళ్లూ గుర్తు రాలేదు. ఆ ట్రామ్‌లో గుర్తొచ్చింది. నా నోట్లోంచి కూడా, తెలుగులోనే, "చూసుకోలేదమ్మా" అనే వచ్చింది.

ఆ అమ్మాయి కేకలెయ్యలేదు. పక్కకి పిలిచి, మెల్లగా చెప్పి, మనిషికి 800 కొరునలు కట్టించుకుని రసీదు ఇచ్చింది. మీ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

కాబట్టి విను. అక్కడి టికెట్ దూరాన్ని బట్టి కాదు, టైమును బట్టి. కాగితం టికెట్ అయితే మెట్రోలో ఎస్కలేటర్ ఎక్కకముందే, ట్రామ్‌లో, బస్సులో ఎక్కగానే, ఆ పసుపు డబ్బాలో దూర్చాలి. తేదీ, టైము ముద్ర పడుతుంది. ఒక్కసారే కొట్టాలి. ఆ టైము అయ్యేదాకా మెట్రో, ట్రామ్, బస్సు ఎన్ని మారినా అదే చెల్లుతుంది. గేట్లుండవు, అడిగేవాడు కనిపించడు. అందుకే మనలాంటివాళ్లం దొరికిపోతాం. ఫోన్లో కొంటే ఎక్కకముందే యాక్టివేట్ చెయ్. అది మొదలవడానికి కాస్త టైము పడుతుంది, ఎక్కాక హడావిడి పడితే కుదరదు. రోజుకి మూడు నాలుగుసార్లు తిరిగేదానివైతే 24 గంటల టికెట్ తీసుకో.

22 నంబరు ట్రామ్‌లో జేబుదొంగలు కూడా ఎక్కుతారు. సంచి ముందుకి వేసుకో. పాత ఊరి కూడలిలో 1410 నాటి గడియారం గంట కొట్టినప్పుడు అందరూ తలలు పైకెత్తి చూస్తారు. వాళ్లకి అదే అదను.

డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. చీకటి పడగానే హోటల్‌కి పో అంటే నువ్వు వినవు. పోనీ, దీపాలూ జనమూ ఉన్న దారిలోనే నడువు. రోజూ రాత్రి ఒక మెసేజ్ పెట్టు. మనకి అర్ధరాత్రయినా మెలకువగానే ఉంటాను.

తిండికి దిగులు లేదు. సూపర్‌మార్కెట్లో "బీలీ యోగర్ట్" అని ఉంటే తియ్యదనం లేని పెరుగు. "పొద్‌మాస్లీ" అంటే మజ్జిగ. మీ పెద్దమ్మ కందిపొడి కట్టి పంపుతుంది, వద్దనకు.

చార్లెస్ వంతెన మీదికి మాత్రం తెల్లారగానే వెళ్లు, జనం ఉండరు. 1357లో, తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకి దానికి పునాది రాయి వేశారంటారు. వరసగా రాస్తే 135797531, ఎటు నుంచి చదివినా ఒకటే. నిజమో కాదో గానీ అలాంటి నంబరు టికెట్ ఒక్కటీ నా చేతికి రాలేదు. ఆ రోజు ఈ మాట చెబితేనే మీ పెద్దమ్మ మూడు గంటల తర్వాత నోరు తెరిచింది. "నంబర్లు బాగానే చదువుతారు, పసుపు డబ్బానే కనపడదు" అంది. ఇద్దరం ఆ వంతెన మీదే విగ్రహాల కింద నిలబడి నవ్వుకున్నాం.

దిగగానే కోట ఫోటోలు పంపకు. మొదటి టికెట్ ఫోటో పంపు. ముద్ర స్పష్టంగా కనబడాలి.

మీ పెదనాన్న