పాఠకుల ప్రశ్నలు: టీవీ బోధకులు, కానుక కవర్లు, వేదిక మీది స్వస్థతలు

అమెరికా టీవీ బోధకుల వసూళ్ల గురించి, వేదికల మీద జరిగే స్వస్థతల గురించి, స్వలింగ సంపర్కుల మీద వాళ్లు నడిపే ప్రచారం గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని తీసుకున్నాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: ‘వెయ్యి డాలర్ల విత్తనం వేయండి, నూరంతలు కోసుకోండి’ అని అక్కడి బోధకులు టీవీలో అంత ధైర్యంగా ఎలా చెప్పగలుగుతున్నారు? పంట రానివాళ్లు నిలదీయరా?

జవాబు: కానుకే విత్తనం అనే ఈ మాటను జనంలోకి బాగా తీసుకెళ్లినవాడు ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాకు చెందిన ఓరల్ రాబర్ట్స్. 1987లో ఆయన, మార్చి నెలాఖరులోగా 80 లక్షల డాలర్లు పోగవకపోతే దేవుడు తనను పైకి పిలుచుకుంటాడని టీవీలో చెప్పాడు. డబ్బు వచ్చింది. ఆ డబ్బు దేని కోసమని చెప్పాడో ఆ వైద్యవిద్యా సంస్థ, దాని ఆసుపత్రి మాత్రం 1989లో మూతపడ్డాయి.

నూరంతలు అనే మాటకు వాళ్లు చూపించేది మార్కు సువార్త 10వ అధ్యాయం 30వ వచనం. అదే వచనంలో ‘హింసలతో పాటు’ అని కూడా ఉంది. టీవీలో ఆ ముక్క వినిపించదు. పైగా అక్కడ చెప్పింది ఇల్లూ వాకిలీ వదులుకున్నవాళ్ల గురించి, కవరులో చెక్కు పెట్టి పంపినవాళ్ల గురించి కాదు.

నిలదీయకపోవడానికి కారణం ఆ బోధలోనే ఉంది. పంట రాలేదంటే లోపం విత్తనానిది కాదు, మీ విశ్వాసానిది. అలా చెప్పాక నష్టపోయినవాడు సిగ్గుతో నోరెత్తడు. అదే వారంలో ఏ ఇన్సూరెన్సు డబ్బో చేతికొచ్చినవాడు వచ్చి సాక్ష్యం చెబుతాడు. తెర మీద కనబడేది వీడొక్కడే.

టీవీ కార్యక్రమం చాలావరకు చిరునామాలు పోగేసే వల. చేపలు పట్టేది పోస్టులో. ఉచిత అభిషేక తైలం ప్యాకెట్ కోసం ఫోన్ చేస్తే మీ పేరు జాబితాకెక్కుతుంది. కొద్దిరోజుల్లో ఉత్తరం వస్తుంది, లోపల మీ పేరు నాలుగైదు చోట్ల, చేత్తో రాసినట్టు అచ్చయి ఉంటుంది. దానితో ఒక గుడ్డముక్కో, దారమో. రాత్రికి తలగడ కింద పెట్టుకుని, తెల్లారి కానుకతో సహా తిరిగి పంపమంటారు. ‘తిరిగి పంపడం’ అన్నదాంట్లోనే కిటుకంతా ఉంది. ఉచితంగా వచ్చినదాన్ని దగ్గరుంచుకుంటే తప్పు చేసినట్టుంటుంది, ఖాళీ కవరు పంపాలంటే మొహమాటం. టల్సా చిరునామాతో లక్షల ఇళ్లకు వెళ్లిన కాగితపు ప్రార్థన తివాచీ కూడా ఈ కోవలోదే. అందులో యేసు కళ్లు మూసుకుని ఉంటాయి, తదేకంగా చూస్తే తెరుచుకుంటాయని రాసి ఉంటుంది. కనురెప్పల మీద నీడలు దిద్దడంలో ఉన్న చిత్రకారుడి పనితనం అది.

ఆ ఉత్తరాలకు జవాబుగా జనం రాసి పంపిన ప్రార్థన మనవులు ఏమయ్యేవో 1991లో ఏబీసీ చానల్ చూపించింది. రాబర్ట్ టిల్టన్ అనే బోధకుడికి వచ్చిన కవర్లు టల్సాలో తెరుచుకునేవి. డబ్బు బ్యాంకులోకి, మనవులు చెత్తడబ్బాలోకి వెళ్లేవి. రెండేళ్లకు ఆయన కార్యక్రమం ఆగిపోయింది. ఆ చెత్త తవ్వడంలో చానల్‌కు తోడుగా నిలిచింది నాస్తికులు కాదు, డల్లాస్‌లోని ట్రినిటీ ఫౌండేషన్ అనే క్రైస్తవ బృందం.

ప్రశ్న: ఇంత బాహాటంగా జరుగుతుంటే అక్కడి చట్టం ఏం చేస్తోంది?

జవాబు: అమెరికాలో ధార్మిక సంస్థలు ఏటా ఫారం 990 దాఖలు చేయాలి. రాబడి, ఖర్చు, పెద్దల జీతాలు అందులో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. చర్చిలకు మాత్రం ఆ ఫారం నుంచి మినహాయింపు. కాబట్టి టీవీ సంస్థ తనను తాను చర్చి అని నమోదు చేసుకుంటే చాలు, పుస్తకాలు మూసుకోవచ్చు. చర్చిని తనిఖీ చేయాలంటే పన్నుల శాఖలో పై స్థాయి అధికారి సహేతుకమైన కారణం రాతపూర్వకంగా చూపాలని వేరే నిబంధన కూడా ఉంది. 2007లో సెనెటర్ చక్ గ్రాస్లీ ఆరుగురు బోధకుల సంస్థలను లెక్కలడిగాడు. పూర్తిగా సహకరించినవి రెండే. 2011లో నివేదిక వచ్చింది, ఎవరికీ శిక్ష పడలేదు. 2018లో జెస్సీ డుప్లాంటిస్ సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్ల జెట్ విమానం కోసం నమ్మమని అనుచరులను అడిగాడు. అడగడం నేరం కాదు.

మరి జిమ్ బేకర్ అనే టీవీ బోధకుడు జైలుకెలా వెళ్లాడు? ఆయన స్వర్గం అమ్మి ఊరుకుంటే వెళ్లేవాడు కాదు, హోటల్ గదులు అమ్మాడు. దక్షిణ కరొలైనాలోని తన హెరిటేజ్ యూఎస్ఏ అనే క్రైస్తవ వినోద కేంద్రంలో, వెయ్యి డాలర్లిస్తే జీవితాంతం ఏటా మూడు రాత్రుల బస అన్నాడు. ఉన్న గదులకు మించి వేలకు వేలు సభ్యత్వాలు అమ్మేశాడు. స్వర్గంలో గదులు లెక్కపెట్టలేం, హోటల్లో లెక్కపెట్టొచ్చు. 1989లో 24 అభియోగాల్లో దోషిగా తేలి 45 ఏళ్ల శిక్ష పడింది, తర్వాత తగ్గింది, 1994లో బయటికొచ్చాడు. 2020లో అదే మనిషి కార్యక్రమంలో వెండి ద్రావణాన్ని కరోనాకు మందన్నట్టు అమ్మకానికి పెట్టారు. మిస్సోరీ రాష్ట్రం దావా వేసింది. మరుసటి ఏడాది కొన్నవాళ్లకు సుమారు 1,56,000 డాలర్లు తిరిగివ్వడానికి ఒప్పుకుని రాజీ పడ్డారు. ఇక్కడా అంతే. ఆశీర్వాదం అన్నంతసేపూ చట్టానికి చిక్కరు, మందు అన్నారంటే చిక్కుతారు.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మా అత్తగారి ఖాతాలోంచి నెలనెలా ఒక టీవీ సంస్థకు డబ్బు పోతోంది. ఆవిడకు తెలిసే మొదలైనా ఇప్పుడు ఆపాలంటున్నారు. ఫోన్ చేస్తే ప్రార్థన చేసి పెట్టేస్తున్నారు తప్ప ఆపడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఫోన్లు మానేయండి. అనుమతి రద్దు చేస్తున్నానని ఆవిడ సంతకంతో సంస్థకు ఉత్తరం రాసి, నకలు దగ్గర పెట్టుకోండి. ఖాతాలోంచి నేరుగా పోతున్నట్టయితే, తర్వాతి కోతకు కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకుకు చెప్పి స్టాప్ పేమెంట్ (చెల్లింపు ఆపే ఆదేశం) పెట్టించండి. నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది, కానీ 14 రోజుల్లో రాతలో ఇమ్మని బ్యాంకు అడగొచ్చు, ఇవ్వకపోతే ఆ ఆదేశం పోతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆ ఒక్క చెల్లింపుకేనా, ఇకముందు వచ్చేవాటన్నిటికీనా అన్నది కూడా స్పష్టంగా రాయించుకోండి.

క్రెడిట్ కార్డు అయితే, రద్దు చేశాక కూడా పడిన మొత్తాన్ని స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా వివాదంలో పెట్టాలి. ఇష్టపడి ఇచ్చిన పాత కానుకలు మాత్రం తిరిగి రావు. ‘దీవెన రాలేదు’ అన్న కారణం ఏ బ్యాంకూ ఒప్పుకోదు. ‘ఫలానా వస్తువు ఇస్తామన్నారు, ఇవ్వలేదు’ అన్నదైతే రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదుగా పనికొస్తుంది. ఆవిడకు మతిమరుపు జబ్బు ఉందన్న అనుమానముంటే ముందు డాక్టరుకు చూపించి, ఆవిడకు విషయం అర్థమవుతున్నప్పుడే పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవడం మేలు.

ఒక్క మాట. ఆవిడ భక్తితో గొడవ పెట్టుకోవద్దు. ఎగతాళి చేస్తే తర్వాతి చెక్కు మీకు తెలియకుండా పోతుంది.

ప్రశ్న: వేదిక మీద కుంటివాళ్లు నడుస్తారు, బోధకుడు ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్లు, జబ్బులు చెప్పేస్తాడు. కళ్లారా చూసినదాన్ని ఎలా కాదంటాం?

జవాబు: పేర్ల సంగతి 1986లోనే తేలిపోయింది. పీటర్ పొపోఫ్ అనే బోధకుడి సభల్లో రేడియో తరంగాలు గాలిస్తే 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఆడగొంతు దొరికింది. అది ఆయన భార్యది. జనం రాసిచ్చిన ప్రార్థన కార్డుల్లోంచి పేరు, వీధి, జబ్బు చదివి భర్త చెవిలోని చిన్న రిసీవర్‌కు పంపేది. ఇంద్రజాలికుడు జేమ్స్ ర్యాండీ ఆ రికార్డింగును జానీ కార్సన్ టీవీ షోలో వినిపించాడు. ర్యాండీ మనిషి ఒకడు ఆడవేషంలో వెళితే వాడి గర్భాశయ క్యాన్సర్ కూడా ‘నయమైంది’. మరుసటి ఏడాది పొపోఫ్ దివాలా పిటిషన్ వేశాడు. కొన్నేళ్లకు అద్భుత జలం ప్యాకెట్లతో మళ్లీ టీవీలోకి వచ్చాడు.

చక్రాల కుర్చీ కిటుకు ఇంకా సులువు. నడవగలిగినా మోకాళ్ల నొప్పితో వచ్చిన ముసలివాళ్లను, ‘అమ్మా, కూర్చోండి’ అని నిర్వాహకులే తమ కుర్చీలో ముందు వరుసకు తోసుకొస్తారు. వేదిక మీద లేచి నడిస్తే హాలంతా కేకలు. సొంత కుర్చీలో వచ్చిన పక్షవాతం రోగులు వెనక వరుసల్లో ఉంటారు. పొట్టి కాలు పొడుగయ్యే అద్భుతానికి బూటు చాలు. కూర్చోబెట్టి రెండు మడమలూ పట్టుకుని ఒక బూటును మడమ నుంచి కాస్త బయటికి లాగితే ఆ కాలు పొడుగ్గా కనబడుతుంది. ప్రార్థన చేస్తూ బూటును వెనక్కి నొక్కితే రెండూ సమానం. ఇక గుడ్డివాళ్ల సంగతి. అక్కడి చట్టం ప్రకారం అద్దాలు పెట్టుకున్నా మెరుగైన కంటి చూపు 20/200 (మామూలు కంటికి 200 అడుగుల నుంచి కనబడేది 20 అడుగుల నుంచే కనబడటం) దాటకపోతే అంధులే. అలాంటివాళ్లలో చాలామంది మొహం ముందు పెట్టిన వేళ్లు ముందునుంచీ లెక్కపెట్టగలరు.

ఇదంతా మోసమే అనడం లేదు. నొప్పి నిజంగానే కాసేపు తగ్గుతుంది. పాటలు, జనం, ఉద్వేగం కలిస్తే శరీరం నొప్పిని అణచేస్తుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. డాక్టర్ విలియం నోలెన్ 1970ల్లో క్యాథరిన్ కూల్మన్ అనే బోధకురాలి సభలో స్వస్థత పొందామన్న 23 మంది గురించి తర్వాత వాకబు చేశాడు. ఒక్కరి జబ్బూ నయం కాలేదు. వెన్నెముక క్యాన్సర్ ఉన్న ఒకామె నడుముకు కట్టుకున్న పట్టీ విప్పేసి వేదిక మీద పరుగెత్తింది. నాలుగు నెలలకు చనిపోయింది.

ఎవరైనా సాక్ష్యం చెబితే ఇవి అడగండి: జబ్బును బయాప్సీతోనో స్కాన్‌తోనో ఎప్పుడు నిర్ధారించారు? అదే సమయంలో మందులు, ఆపరేషన్ ఏమైనా జరిగాయా? తర్వాత తీసిన రిపోర్టు ఏది, ఎవరు చదివారు? అది తనంతట తానే తగ్గుతూ పెరుగుతూ ఉండే జబ్బా? సభ నాడు తీసిన వీడియో వీటిలో దేనికీ జవాబు కాదు.

ప్రశ్న: నమ్మకంతో మందులు ఆపేస్తే ఏమవుతుంది?

జవాబు: మందును బట్టి ఉంటుంది. టైప్ 1 మధుమేహంలో ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు కూడా హఠాత్తుగా ఆపకూడదు. 1973లో కాలిఫోర్నియాలోని బార్‌స్టోలో 11 ఏళ్ల బాలుడికి స్వస్థత కలిగిందని నమ్మి తల్లిదండ్రులు ఇన్సులిన్ ఆపేశారు. లక్షణాలు ముదురుతుంటే అది సైతాను పెట్టే పరీక్ష అనుకున్నారు. పిల్లాడు దక్కలేదు, తల్లిదండ్రులను కోర్టు దోషులుగా తేల్చింది.

మతవిశ్వాసంతో వైద్యం అందక 1975-1995 మధ్య అమెరికాలో చనిపోయిన 172 మంది పిల్లల వివరాలను 1998లో పీడియాట్రిక్స్ పత్రిక ప్రచురించింది. వాళ్లలో 140 మందికి ఉన్నవి, వైద్యం చేస్తే నూటికి తొంభై మందికి పైగా బతికే జబ్బులు.

ప్రశ్న: ఈ బోధకులు గే వ్యక్తుల మీద అంతగా ఎందుకు పడతారు? మా అబ్బాయి తాను గే అని చెప్పాడు. అమెరికాలోని బంధువులు అక్కడి చర్చి నడిపే ‘మార్పు’ శిక్షణకు పంపమంటున్నారు.

జవాబు: మొదటిదానికి జవాబు సగం సిద్ధాంతం, సగం పోస్టు. 1977లో గాయని అనితా బ్రయంట్ ‘మన పిల్లల్ని కాపాడుకుందాం’ అంటూ ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీలో గే వ్యక్తుల పట్ల వివక్షను నిషేధించిన స్థానిక చట్టాన్ని ఓటింగుతో రద్దు చేయించింది. రెండేళ్లకు టీవీ బోధకుడు జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే క్రైస్తవ రాజకీయ సంస్థ పెట్టాడు. పిల్లలకు ముప్పు అని రాస్తే చందాలు ఎలా వస్తాయో వాళ్లకు తెలిసిపోయింది. ఆ ఉత్తరాల అచ్చు ఒకటే: ఒక శత్రువు, ఒక గడువు, మీరు టిక్కు పెట్టాల్సిన మొత్తం. స్వస్థత ఉత్తరం ఆశ చూపిస్తే ఇది భయం చూపిస్తుంది. కవరు మీది చిరునామా మారదు. 2001 సెప్టెంబరు దాడులు జరిగిన రెండు రోజులకే ఫాల్వెల్ టీవీలో ఆ పాపంలో గే వ్యక్తులకూ భాగముందన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

మీ అబ్బాయిని పంపకండి. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1973లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మార్చగలమని చెప్పిన సంస్థల్లో పేరుమోసినది ఎక్సోడస్ ఇంటర్నేషనల్. దాని అధ్యక్షుడే తాను కలిసినవాళ్లలో 99.9 శాతం మంది ఆకర్షణ మారలేదని 2012లో ఒప్పుకుని, మరుసటి ఏడాది క్షమాపణ చెప్పి సంస్థను మూసేశాడు. మార్పు సాధ్యమని వాళ్లు చూపించే పరిశోధన డాక్టర్ రాబర్ట్ స్పిట్జర్‌ది. అందులో కొలత అంటూ ఏమీ లేదు, జనం ఫోన్లో తమ గురించి చెప్పుకున్నదే. 2012లో ఆయనా తప్పు ఒప్పుకున్నాడు. నష్టం మాత్రం తేలికైంది కాదు. ఇంట్లో తీవ్రమైన తిరస్కారం ఎదుర్కొన్న గే యువతలో ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు, తిరస్కారం లేని లేదా తక్కువగా ఉన్నవాళ్లతో పోలిస్తే 8.4 రెట్లు ఎక్కువని 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది.

మరో చిక్కు ఉంది. 2012లో కాలిఫోర్నియా మొదలుపెట్టిన నిషేధ చట్టాలు చాలావరకు లైసెన్సు ఉన్న కౌన్సెలర్లు మైనర్లకు చేసే చికిత్సకే వర్తించేలా రాసినవి. చర్చి పాస్టరు చేసేది వాటి కిందికి రాదు. ‘చట్టం ఒప్పుకుంది కాబట్టే నడుస్తోంది’ అని బంధువులంటే అర్థం ఇంతే.

ప్రశ్న: అడగకుండానే నూనె ప్యాకెట్, గుడ్డముక్క వచ్చాయి. తిరిగి పంపకపోతే తప్పా?

జవాబు: అడగకుండా పోస్టులో పంపిన వస్తువు అమెరికా చట్టం ప్రకారం పుచ్చుకున్నవాళ్లదే. డబ్బివ్వక్కర్లేదు, తిరిగి పంపక్కర్లేదు. ప్యాకెట్లోని ద్రవం ఏదైనా తాగొద్దు, పుండు మీద రాయొద్దు. గుడ్డముక్కతో కళ్లద్దాలు తుడుచుకోవచ్చు.